పరిమాణాత్మక అర్థశాస్త్రంలో అంతర్జాతీయ ఉమ్మడి మాస్టర్స్: మహానంది, కర్నూలు, కడప ప్రాంత వివరాలతో

రెండు లేదా మరిన్ని దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి పాఠ్యప్రణాళిక తయారుచేసుకుని, విద్యార్థులను ఉమ్మడిగా ఎంపిక చేసి, ఒక దేశంలో కొంతకాలం మరో దేశంలో కొంతకాలం చదివించి పట్టా ఇచ్చే పీజీ కోర్సును అంతర్జాతీయ ఉమ్మడి మాస్టర్స్ అంటారు. ఆర్థిక ప్రశ్నలను గణిత నమూనాలుగా మార్చి, గణాంకాలతో పరీక్షించే శాఖ పరిమాణాత్మక అర్థశాస్త్రం. ఈ రెండూ కలిసిన కోర్సుల్లో ఎక్కువగా తెలిసినవి ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే ఎరాస్మస్ ముండుస్ కార్యక్రమంలో ఉన్నాయి. ఈ వ్యాసం ఆ కోర్సుల స్వరూపాన్ని, ప్రవేశాన్ని, చదువు తీరును వివరిస్తుంది. నల్లమల అంచున మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. కర్నూలు, కడప జిల్లాలు ఈ శాస్త్రపు ప్రసిద్ధ పరిశోధనలకు క్షేత్రాలయ్యాయి. అందువల్ల ఉదాహరణలను ఎక్కువగా ఆ ప్రాంతం నుంచే తీసుకున్నాం.

పరిధి, పరిభాష

ఉమ్మడి పట్టా, ద్వంద్వ పట్టా, ట్విన్నింగ్ అనే మూడు పదాలను ఒకదానికొకటి బదులుగా వాడటం కనిపిస్తుంది గాని, నిబంధనల్లో వాటి మధ్య తేడా ఉంది. ఉమ్మడి పట్టాలో సంస్థలన్నీ కలిసి ఒకే పత్రం ఇస్తాయి. ద్వంద్వ పట్టాలో ఒక్కో సంస్థ తన పత్రం తాను ఇస్తుంది. ట్విన్నింగ్‌లో విద్యార్థి కొంతభాగం విదేశంలో చదివినా పట్టా స్వదేశీ సంస్థదే. భారతదేశంలో వీటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం ఉమ్మడి పట్టాకు భారత సంస్థలోనూ విదేశీ సంస్థలోనూ కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు సంపాదించాలి. ట్విన్నింగ్‌లో విదేశీ క్రెడిట్లు 30 శాతానికి మించకూడదు.

ఐరోపాలో చదువు బరువును ఇ.సి.టి.ఎస్. క్రెడిట్లలో కొలుస్తారు. పూర్తి విద్యాసంవత్సరం 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు తరగతి, ఇంటిపని, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ 60, 90 లేదా 120 క్రెడిట్లతో ఉంటాయి. పరిమాణాత్మక అర్థశాస్త్రంలో రెండేళ్ల 120 క్రెడిట్ల కోర్సే ఆనవాయితీ.

చరిత్ర

అర్థశాస్త్రాన్ని గణితంతోను, గణాంకశాస్త్రంతోను కలపాలన్న ఉద్యమానికి సంస్థారూపం 1930 డిసెంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏర్పడిన ఎకనామెట్రిక్ సొసైటీ. దాని పత్రిక ‘ఎకనామెట్రికా’ 1933లో మొదలైంది. 1969లో తొలిసారి ఇచ్చిన అర్థశాస్త్ర నోబెల్ పురస్కారం ఈ శాఖకు పునాదులు వేసిన రాగ్నర్ ఫ్రిష్, యాన్ టిన్‌బెర్గెన్‌లకే దక్కింది. మన దేశంలో కలకత్తాలో 1931 డిసెంబరులో పుట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ పని చేపట్టింది.

తెలుగువారికి ఈ చరిత్రలో గట్టి వాటా ఉంది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నాటి బళ్లారి జిల్లా హడగళిలో జన్మించారు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమకు మూలమైన ప్రాంతంలో, బళ్లారి కూడా ఒకటి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోరు పరీక్షను లాగ్రాంజ్ గుణక పరీక్ష అనే పేరుతో ఈనాటికీ ప్రతి ఎకనామెట్రిక్స్ తరగతిలో చెబుతారు. మద్దాల గంగాధరరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1955లో గణితంలో బి.ఏ., బొంబాయిలో గణాంకశాస్త్రంలో ఎం.ఏ. చేసి, 1963లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. జి.ఎస్. మద్దాల అన్న పేరుతో ఆయన 1983లో వెలువరించిన గ్రంథం, అవును-కాదు రకపు ఫలితాలనూ పరిమితి ఉన్న చలరాశులనూ విశ్లేషించే పద్ధతులకు ప్రామాణికమైంది. ఇద్దరూ గణితం చదివాకే ఆర్థిక గణాంకాల వైపు వచ్చారన్నది గమనించదగ్గది. ఈ కోర్సుల ప్రవేశ నిబంధనల్లో ఇప్పటికీ అదే మొగ్గు ఉంది.

విదేశంలో ఆర్థిక ప్రణాళిక చదివిన రాయలసీమవారిలో అందరికీ తెలిసిన పేరు యాగా వేణుగోపాల్ రెడ్డి. 1941లో కడప జిల్లాలో జన్మించి, మద్రాసులో ఎం.ఏ., ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఆయన నెదర్లాండ్స్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్ నుంచి ఆర్థిక ప్రణాళికలో డిప్లొమా పొందారు. 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. అప్పట్లో అలాంటి అవకాశం ఎక్కువగా ప్రభుత్వోద్యోగం ద్వారా వచ్చేది. డిగ్రీ ముగించిన విద్యార్థి సొంతంగా దరఖాస్తు పెట్టుకుని, పూర్తి ఉపకార వేతనంతో వెళ్లే దారి విస్తరించింది తరవాతి కాలంలోనే.

ఆ మార్పుకు నేపథ్యం 1999 జూన్‌లో 29 ఐరోపా దేశాలు సంతకం చేసిన బొలోన్యా ప్రకటన. బ్యాచిలర్స్, మాస్టర్స్ దశలను అన్ని దేశాలూ ఒకే చట్రంలోకి తెచ్చుకోవడంతో ఒక దేశపు సెమిస్టరును మరో దేశం లెక్కలోకి తీసుకోవడం తేలికైంది. 2004లో ఎరాస్మస్ ముండుస్ మొదలైంది. తొలి సంవత్సరాల్లో భారత విద్యార్థుల కోసం ‘ఇండియా విండో’ పేరిట అదనపు నిధి కూడా ఉండేది. 2014లో కార్యక్రమం ఎరాస్మస్ ప్లస్‌లో భాగమైంది, 2021లో నిబంధనలు మళ్లీ మారాయి. ఈ ఉపకార వేతనాలు పొందిన దేశాల్లో భారత్ మొదటి వరుసలో ఉంది.

ప్రధాన కోర్సులు, రకాలు

ఈ రంగంలో పేరుతోనే విషయం చెప్పే కోర్సు ‘మోడల్స్ అండ్ మెథడ్స్ ఆఫ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’. విద్యార్థులు దీన్ని క్యూఈఎం అంటారు. పారిస్‌లోని పాంథెయాన్-సోర్బాన్ విశ్వవిద్యాలయం సమన్వయకర్తగా, బార్సిలోనా స్వయంప్రతిపత్త విశ్వవిద్యాలయం, జర్మనీలోని బీలెఫెల్డ్, వెనిస్‌లోని కా ఫోస్కరి కలిసి దీన్ని నిర్మించాయి. ఐరోపా సమాఖ్య ఒప్పందం కొన్నేళ్లకే పరిమితం. దాన్ని పునరుద్ధరించినప్పుడల్లా కూటమి సభ్యులు మారే వీలుంది కాబట్టి, చేరబోయే ఏడాది ఏయే విశ్వవిద్యాలయాలున్నాయో చూసుకోవడం అవసరం.

మిగిలినవాటిలో గణితం పాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. వ్యవసాయ, ఆహార, పర్యావరణ విధాన విశ్లేషణకు సంబంధించిన ఏఎఫ్ఈపీఏ కోర్సును బెల్జియంలోని లూవాన్, జర్మనీలోని బాన్, స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇటలీలోని కాథలిక్ విశ్వవిద్యాలయం నడుపుతున్నాయి. ఎకనామెట్రిక్స్ బలంగా ఉంటూనే వ్యవసాయ పట్టభద్రులకు తలుపు తెరిచే కోర్సు ఇది. గ్రామీణాభివృద్ధిలో గెంట్ విశ్వవిద్యాలయం సమన్వయపరిచే ఐఎంఆర్‌డీ ఇంకాస్త క్షేత్రం వైపు మొగ్గుతుంది. న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి ఏడాదిలో ముగించే ఈఎంఎల్ఈ కోర్సుకు ముంబైలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ కూడా భాగస్వామిగా ఉండటం విశేషం. ఆర్థిక విధానాలపై నడిచే ఇపాగ్, ప్రపంచీకరణ-అభివృద్ధిపై నడిచే గ్లోడెప్ వంటివి పరిమాణాత్మక పద్ధతులను నేర్పుతాయి గాని వాటి గురి వేరు.

ఒకే దేశంలోని విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే కోర్సులు వేరే తరగతి. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన రెండు విశ్వవిద్యాలయాలు, రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయం కలిసి 1987లో పెట్టిన టిన్‌బెర్గెన్ ఇన్‌స్టిట్యూట్ ఇందుకు ఉదాహరణ. పీహెచ్‌డీ లక్ష్యంగా పెట్టుకున్నవారు వీటిని కూడా చూస్తారు.

ప్రవేశ అర్హత: మహానంది నుంచి చూస్తే

కాగితం మీద అర్హత సులువుగానే ఉంటుంది: అర్థశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, ఇంజనీరింగ్ లేదా సమీప విషయంలో బ్యాచిలర్స్ పట్టా, ఇంగ్లిషు పరీక్షలో తగిన స్కోరు. చివరి ఏడాదిలో ఉన్నవారు కూడా సాధారణంగా దరఖాస్తు చేయవచ్చు. అసలు వడపోత మార్కుల మెమోలోని గణిత పేపర్ల దగ్గర జరుగుతుంది. కలనగణితం, రేఖీయ బీజగణితం, సంభావ్యత, గణాంక అనుమితి ఉన్నాయా, వాటిలో మార్కులెన్ని అన్నది ఎంపిక సంఘం ముందు చూస్తుంది. వాస్తవ విశ్లేషణ చదివి ఉంటే అది అదనపు బలం. అర్థశాస్త్రంలో లోటును మొదటి సెమిస్టరులో పూడ్చుకోవచ్చునని, గణితంలో లోటును అలా పూడ్చుకోవడం కష్టమని ఈ కోర్సుల అంచనా.

మహానంది వ్యవసాయ కళాశాల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాలో ఉంది. నాలుగేళ్ల బి.ఎస్‌సి. ఆనర్స్ వ్యవసాయ కోర్సులో అక్కడ వ్యవసాయ అర్థశాస్త్రం, క్షేత్ర నిర్వహణ, పరపతి, మార్కెటింగ్, ధరలు, గణాంక పద్ధతులు చెబుతారు. చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతుల ఖర్చులు, రాబడులు రాసుకుంటారు. సాగు ఖర్చు పట్టిక ఎలా తయారవుతుందో చేతులారా చేసి చూసిన ఈ అనుభవం పారిస్‌లోనో బార్సిలోనాలోనో పక్క బల్లమీద కూర్చునే విద్యార్థికి సాధారణంగా ఉండదు. అయితే ఇక్కడ చేరేవారిలో అత్యధికులు ఇంటర్‌లో బైపీసీ చదివినవారు. అంటే వారి గణితం పదో తరగతితో ఆగిపోయింది. డిగ్రీలో ఉన్న ప్రాథమిక గణితం ఆ లోటును నామమాత్రంగా తీరుస్తుంది. కాబట్టి ఈ కళాశాల పట్టభద్రుడికి నేరుగా క్యూఈఎం వంటి కోర్సు దొరకడం దుర్లభం. ఏఎఫ్ఈపీఏ, ఐఎంఆర్‌డీ వంటివి సహజమైన దారి. గణితాంశాలను విడిగా, పరీక్ష రాసి ధ్రువపత్రం వచ్చే విధంగా నేర్చుకున్నవారు మాత్రం ఆ గోడ దాటగలరు.

చుట్టుపక్కల సంస్థల్లో పరిస్థితి దీనికి తలకిందులు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోను, కర్నూలు, కడప ఇంజనీరింగ్ కళాశాలల్లోను చదివినవారికి గణితం ఉంటుంది గాని అర్థశాస్త్రం పేరుకు ఒక పేపరు. రాయలసీమ విశ్వవిద్యాలయం, యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో అర్థశాస్త్రంతో బి.ఏ. చేసినవారికి సూక్ష్మ, స్థూల సిద్ధాంతాలు, భారత ఆర్థిక వ్యవస్థ బాగా వస్తాయి, అవకలనం మాత్రం రాదు. ఒకప్పుడు గణితం, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం మూడూ కలిపి తీసుకునే డిగ్రీ గ్రూపు ఈ కోర్సులకు సరిగ్గా సరిపోయేది. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే మేజర్ విధానం వచ్చాక మైనర్‌ను ఆలోచించి ఎంచుకుంటే తప్ప ఆ కలయిక కుదరదు. అర్థశాస్త్రం మేజర్, గణితం లేదా గణాంకశాస్త్రం మైనర్ అన్నది ఇక్కడ సరైన జోడీ. ఈ నిర్ణయం డిగ్రీ మొదటి ఏడాదిలోనే జరిగిపోతుంది. మాస్టర్స్ ఆలోచన పుట్టేది మూడో ఏడాదిలో.

మార్కుల మార్పిడి

మన పది పాయింట్ల సీజీపీఏను ఐరోపా విశ్వవిద్యాలయాలు తమ కొలతలోకి మార్చుకుంటాయి. జర్మనీలో 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత. అక్కడ వాడే సూత్రం ఇది: గరిష్ఠ మార్కు నుంచి విద్యార్థి మార్కును తీసివేసి, దాన్ని గరిష్ఠానికి కనీస ఉత్తీర్ణతకు మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 8 సీజీపీఏ ఉన్న ఇద్దరిని తీసుకుంటే, ఉత్తీర్ణత 4గా ఉన్న విశ్వవిద్యాలయం విద్యార్థికి 2.0 వస్తుంది, ఉత్తీర్ణత 5గా ఉన్న చోటి విద్యార్థికి 2.2 వస్తుంది. మెమో వెనకవైపు అచ్చయ్యే గ్రేడింగ్ వివరాలను స్కాన్ చేసి పంపకపోతే, కనీస ఉత్తీర్ణతను మదింపు చేసేవారే ఊహించుకోవాల్సి వస్తుంది.

దరఖాస్తు విధానం

దరఖాస్తు ఒక్కో కూటమికి ఒకే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వెళ్తుంది. ప్రతి విశ్వవిద్యాలయానికీ వేర్వేరుగా పంపనక్కరలేదు. ఉపకార వేతనం కోరేవారికి గడువు సాధారణంగా అక్టోబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఉంటుంది. ఫలితాలు వసంతంలో, తరగతులు సెప్టెంబరులో. ఒక ఏడాదిలో మూడు ఎరాస్మస్ ముండుస్ కోర్సులకు మించి దరఖాస్తు చేయరాదన్న పాత పరిమితి ప్రస్తుత దశలో లేదు.

జతచేయవలసినవి: సెమిస్టర్ల మెమోలు, అన్నీ కలిపిన సీఎంఎం, ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేదా అసలు పట్టా (ఓడీ), జీవన వివరాలు, ఉద్దేశ లేఖ, అధ్యాపకుల సిఫార్సు లేఖలు రెండు లేదా మూడు, పాస్‌పోర్టు, నివాస ధ్రువీకరణ, ఇంగ్లిషు స్కోరు. ఇంగ్లిషు మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే పత్రాన్ని కొన్ని కోర్సులు అంగీకరిస్తాయి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసినవారికి ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ తప్పదు. జీఆర్ఈ చాలా చోట్ల ఐచ్ఛికం. గణిత నేపథ్యం బలహీనంగా కనిపించేవారికి దాని క్వాంట్ స్కోరు ఒక సాక్ష్యంగా పనికొస్తుంది.

తెలుగు విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. డిగ్రీ మెమోలో అది ఒక పొడి అక్షరంగా మారుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో, కొన్నిసార్లు చివర ఉంటుంది. మూడూ ఒకే వ్యక్తివని ఐరోపా కార్యాలయానికి స్వతహాగా తోచదు. పాస్‌పోర్టును పదో తరగతి మెమో ప్రకారమే తీయించుకోవడం, దరఖాస్తులో పాస్‌పోర్టు పేరునే వాడటం, అవసరమైతే నోటరీ ప్రమాణపత్రం జతచేయడం వాడుకలో ఉన్న పరిష్కారాలు. పట్టాలకు అపోస్టిల్ ముద్ర అడిగినప్పుడు దాన్ని భారత విదేశాంగ శాఖ వేస్తుంది. ఈ ముద్రకు సంబంధించిన హేగ్ ఒప్పందం మన దేశంలో 2005లో అమల్లోకి వచ్చింది.

ఉద్దేశ లేఖలో ఎంపిక సంఘాలు వెతికేది జీవితగాథ కాదు. ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారు, దానికి ఏ పద్ధతి కావాలి, ఆ పద్ధతి ఈ కూటమిలో ఎక్కడ చెబుతారు అన్నవి. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర పడిపోవడం గురించి పేజీ నిండా బాధపడటం కంటే, రోజువారీ రాక, ధరల మధ్య కారణ సంబంధాన్ని విడదీయడం ఎందుకు కష్టమో నాలుగు వాక్యాల్లో చెప్పగలగడం ఎక్కువ పనిచేస్తుంది. ధర పెరిగితే సరుకు ఎక్కువగా వస్తుంది, సరుకు ఎక్కువైతే ధర పడుతుంది. రెండూ ఒకేసారి నడిచే ఈ చిక్కే ఎకనామెట్రిక్స్ పాఠ్యపుస్తకాల్లో ఏకకాల సమీకరణాల సమస్య.

నిధులు

ఎరాస్మస్ ముండుస్ ఉపకార వేతనం 2021 నుంచి నెలకు 1,400 యూరోలు. గరిష్ఠంగా 24 నెలలు, అంటే మొత్తం 33,600 యూరోలు. ప్రయాణం, వీసా, ఇల్లు, తిండి అన్నీ ఇందులోనే. ఇది పొందినవారు ట్యూషన్ ఫీజు కట్టనక్కరలేదు, బీమాను కూటమే చూస్తుంది. వెనిస్, బీలెఫెల్డ్‌లలో ఈ మొత్తంతో గడుస్తుంది. పారిస్‌లో అద్దెకే పెద్ద భాగం పోతుంది.

ఒక ప్రాజెక్టు మొత్తం కాలంలో ఇచ్చే ఉపకార వేతనాల్లో ఒకే జాతీయతవారికి 10 శాతానికి మించి దక్కరాదన్న నిబంధన భారతీయులకు కీలకం. దరఖాస్తులు ఎక్కువగా వచ్చే దేశం కావడంతో, నంద్యాల విద్యార్థికి పోటీ బ్రెజిల్ విద్యార్థితో కాదు, ఢిల్లీ, కలకత్తా విద్యార్థులతో. ఉపకార వేతనం రాకపోయినా సీటు రావచ్చు. అలాంటివారు ఫీజు, ఖర్చులు సొంతంగా భరించాలి.

ఇతర దారుల్లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ షెడ్యూల్డు కులాలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ విద్యకు సాయం వేర్వేరు ప్రభుత్వాల కింద వేర్వేరు పేర్లతో నడిచింది. 2022లో ప్రకటించిన జగనన్న విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకులను ప్రాతిపదికగా తీసుకుంది. ర్యాంకు మీద నడిచే పథకాలు ఒక విశ్వవిద్యాలయాన్ని లెక్కలోకి తీసుకుంటాయి గాని, ఉమ్మడి కోర్సుకు రెండు మూడు విశ్వవిద్యాలయాలుంటాయి. దేని ర్యాంకు చూస్తారో చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు.

చదువు తీరు

మొదటి ఏడాది సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం, ఎకనామెట్రిక్స్, అభిలషణీకరణ, సంభావ్యత, క్రీడా సిద్ధాంతం. మన పీజీ తరగతుల్లో డిమాండ్ రేఖను గీసి వివరించే చోట అక్కడ ప్రాధాన్య సంబంధానికి ప్రయోజన ఫలం ఉంటుందని నిరూపించమంటారు. ప్రశ్నపత్రంలో వ్యాసరూప జవాబులు దాదాపు ఉండవు. వారం వారం లెక్కల సెట్లు ఇస్తారు. వాటిని ముగ్గురు నలుగురు కలిసి చేయడం మామూలే, పరీక్ష మాత్రం ఒంటరిగా రాయాలి. ఆర్, స్టాటా, మాట్‌ల్యాబ్, పైథాన్‌లలో ఏదో ఒకటి వచ్చి తీరాలి.

రెండో ఏడాది వేరే దేశంలో ప్రత్యేకాంశం: గణిత అర్థశాస్త్రం, విత్తశాస్త్రం, స్థూల విధానం, అనువర్తిత ఎకనామెట్రిక్స్ వంటివి. చివరి సెమిస్టరు థీసిస్‌కు. బోధన ఇంగ్లిషులోనే. అయినా ఇంటి ఒప్పందం, ఆసుపత్రి, పురపాలక నమోదు అన్నీ ఫ్రెంచిలోనో, ఇటాలియన్‌లోనో, జర్మన్‌లోనో నడుస్తాయి కాబట్టి కూటములు స్థానిక భాషా తరగతులు పెడతాయి. ఎరాస్మస్ ముండుస్ నిబంధన ప్రకారం విద్యార్థి తన నివాస దేశం కాకుండా కనీసం రెండు దేశాల్లో చదవాలి. ఇలా దేశం మారడం విద్యాపరంగా ఎంత లాభమో ఆచరణలో అంత శ్రమ. ఏడాదిలోపే ఇల్లు, బ్యాంకు ఖాతా, నివాసానుమతి మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి.

రాయలసీమ క్షేత్రంగా

ఈ తరగతుల్లో చదివే పరిశోధనా పత్రాల్లో ఆంధ్ర, తెలంగాణ పల్లెలు తరచుగా కనిపిస్తాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె ఒకటి. ఆ లెక్కలతో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనామెట్రికా’లో రాసిన వ్యాసం, పంట పోయిన ఏడాది ఊరివారు ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారన్న ప్రశ్నను పరీక్షించింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ సర్వే 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని అనుసరిస్తోంది. అందులో అనంతపురం, కడప జిల్లాలున్నాయి. వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత బీమా అమ్మి చూసిన ప్రయోగాలు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో జరిగాయి. బీమా ధర ఒక్కటే కాదు, దాన్ని తెచ్చి చెప్పేవారి మీద ఉన్న నమ్మకం కూడా కొనుగోలును నిర్ణయిస్తుందని అవి చూపాయి.

దగ్గరగా చూడదగ్గది స్మార్ట్‌కార్డు అధ్యయనం. ఉపాధి హామీ కూలి, పింఛన్లను వేలిముద్ర కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చినప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ప్రభుత్వంతో కలిసి ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, దేనికి తరవాత అన్నది లాటరీ ద్వారా తేల్చారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం ఆ జిల్లాలు. మొత్తం 296 మండలాల్లో 112కు ముందు, 45కు చివర, మిగిలిన 139కి మధ్యలో వంతు వచ్చింది. ఫలితాలు 2016లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వెలువడ్డాయి. కూలి త్వరగా చేతికందిందని, మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గిందని, అందువల్ల పేదలకు పథకం దూరం కాలేదని అవి తేల్చాయి.

ఎకనామెట్రిక్స్ అభ్యాసంలో దీన్ని ఇలా రాస్తారు: చెల్లింపు ఆలస్యమైన రోజులు = ఒక స్థిరాంకం + గుణకం × మండలం సూచిక + దోషం. సూచిక ముందుగా కార్డులొచ్చిన మండలానికి 1, చివరి మండలానికి 0. లాటరీ వేశారు కాబట్టి గుణకాన్ని కార్డు ప్రభావంగానే చదవవచ్చు, బాగా నడిచే మండలాలకే కార్డులు ముందిచ్చారేమోనన్న అనుమానానికి తావుండదు. విద్యార్థి సాధారణంగా జారిపడేది ప్రామాణిక దోషం, అంటే అంచనాలోని అనిశ్చితి కొలత, దగ్గర. సర్వేలో వేల కుటుంబాలున్నా లాటరీ పడింది కుటుంబాల మీద కాదు, మండలాల మీద. ఒకే మండలంలోని కుటుంబాలకు పోస్టాఫీసు, బ్యాంకు ప్రతినిధి, అధికారి ఒకరే కాబట్టి వారి ఆలస్యాలు ఒకేలా కదులుతాయి. అందుకే ప్రామాణిక దోషాన్ని మండలాల వారీగా గుచ్ఛాలు కట్టి లెక్కించాలి. అలా చేయకపోతే ఫలితం ఉన్నదానికంటే ఎంతో కచ్చితంగా కనిపిస్తుంది. మండలం అంటే ఏమిటో తెలిసినవారికి ఈ మెలిక చప్పున తడుతుంది.

వీసా, నివాసం

ఫ్రాన్స్‌లో మొదటి ఏడాది ఉంటే వీసాకు ముందు క్యాంపస్ ఫ్రాన్స్ ప్రక్రియ, ఇంటర్వ్యూ పూర్తిచేయాలి. జర్మనీ 2022 నవంబరు 1 నుంచి భారత విద్యార్థులకు ఏపీఎస్ పత్రాల పరిశీలనను తప్పనిసరి చేసింది, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య 2016 ఆదేశం ప్రకారం, ఇలాంటి బహుళ దేశాల కార్యక్రమంలో ఉన్న విద్యార్థి ఒక సభ్యదేశపు నివాసానుమతితో మరో సభ్యదేశంలో 360 రోజుల వరకు చదవవచ్చు. అయితే రెండో దేశానికి ముందుగా తెలియజేయవలసి రావచ్చు, అన్ని దేశాలూ దీన్ని ఒకే తీరుగా అమలు చేయడం లేదు.

పట్టా గుర్తింపు

విద్యార్థికి చివరికి ఏ పత్రం వస్తుందన్నది కూటమి ఒప్పందం మీద ఆధారపడుతుంది. చదివిన విశ్వవిద్యాలయాలు విడివిడిగా జాతీయ మాస్టర్స్ పట్టాలివ్వడం సాధారణం. వాటితోపాటు వచ్చే డిప్లొమా సప్లిమెంటులో క్రెడిట్లు, గ్రేడ్లు, ఆ దేశపు విద్యావ్యవస్థ వివరాలు ఉంటాయి. స్వదేశంలో లెక్చరర్ పోస్టుకో, పీహెచ్‌డీకో దరఖాస్తు చేసేటప్పుడు సమానత్వ పత్రం కావాలి. దీన్ని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చేది. 2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం విదేశీ అర్హతల గుర్తింపునకు సొంత నిబంధనలు ప్రకటించింది. ఏడాదిలో ముగిసే 60 క్రెడిట్ల కోర్సు చేసేవారు ఈ నిబంధనలను చేరకముందే చదువుకోవడం మంచిది.

దేశంలోని సమాంతర కోర్సులు

ఈ రంగంలో మన దేశంలోని అతి దగ్గరి కోర్సు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కోల్‌కతా, ఢిల్లీ కేంద్రాల్లో నడిపే రెండేళ్ల ఎం.ఎస్. పరిమాణాత్మక అర్థశాస్త్రం. ప్రవేశ పరీక్షలో ఒక పేపరు గణితం, మరొకటి అర్థశాస్త్రం. ఫీజు నామమాత్రం, నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. 1987లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ముంబై ఇందిరాగాంధీ సంస్థ, 1949లో మొదలైన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులు ఎక్కువగా చూసే ఇతర చోట్లు. మహానంది పట్టభద్రులకు తిరుపతి వ్యవసాయ కళాశాలలో వ్యవసాయ అర్థశాస్త్రంలో ఎం.ఎస్‌సి. దగ్గరలోని దారి. అక్కడ ఎకనామెట్రిక్స్, ఉత్పాదన ఫలాలు, రేఖీయ ప్రణాళికీకరణ చదివాక రెండో మాస్టర్స్‌గానో పీహెచ్‌డీగానో ఐరోపాకు దరఖాస్తు చేసేవారి మెమోలో గణితం ఖాళీగా కనిపించదు.